కంపెనీ ముందా, ఉద్యోగి ముందా?

మీకు తెలుసా? పది క్లాసుల్ని వరసలో నిలబెట్టడానికి 36,28,800 పద్ధతులున్నాయి! ఇరవై క్లాసులైతే? ఆ సంఖ్య రాయడానికే 19 అంకెలు కావాలి. హైటెక్ సిటీలో ఆంటాలజీకి, అంటే వస్తువుల రకాలనూ (క్లాసులు) వాటి బంధాలనూ (ప్రాపర్టీలు) రాసిపెట్టే పట్టికకు, కోడ్ రాసే కుర్రాడి ముందున్న గుంపు ఇది. పాపం, ఏ క్లాసు ముందో లంచ్ టైమ్ లోపు తేలాలి!

మీకు తెలుసా? అందులో చాలా వరసలు చెల్లవు. ‘ఉద్యోగి’ క్లాసుకు ‘పనిచేసే చోటు’ అని ఒక ప్రాపర్టీ పెట్టారనుకోండి. అది ‘కంపెనీ’ క్లాసు వైపు వేలు చూపిస్తుంది. కంపెనీ పుట్టకముందే ఉద్యోగిని పుట్టిస్తే కోడ్ అలుగుతుంది. కంపెనీ లేకుండానే ఆఫర్ లెటర్లిచ్చే ఘనుల సంగతి వేరు లెండి!

మీకు తెలుసా? ఈ తగువు తీర్చే పద్ధతిని ఆర్థర్ కాన్ 1962లోనే ప్రచురించాడు. ఎవరి మీదా ఆధారపడని వాళ్లను ముందు పిలవాలి, వాళ్లను నమ్ముకున్న వాళ్లను తర్వాత. అంతే! మన సైబర్ టవర్స్ తలుపులు తెరవడానికి అప్పటికింకా 36 ఏళ్లుంది.

మీకు తెలుసా? పైథాన్‌లో ఈ పనిముట్టు రెడీమేడ్‌గా వచ్చింది 2020లో, 3.9 వెర్షన్‌తో. పేరు గ్రాఫ్‌లిబ్. ‘భర్త’కు ముందు ‘భార్య’ ఉండాలి, ‘భార్య’కు ముందు ‘భర్త’ ఉండాలి అన్నారో, ‘సైకిల్ ఎర్రర్’ అని చేతులెత్తేస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య ఏనాడైనా ఎత్తాడా? తెలివైన ప్రోగ్రామర్లు పేర్లన్నీ ముందు చెప్పేసి, చుట్టరికాలు తర్వాత కలుపుతారు.

మీకు తెలుసా? చెల్లే వరస ఒకటి చూపించమంటే కంప్యూటర్‌కు చిటికెలో పని. అలాంటివి మొత్తం ఎన్నున్నాయో లెక్కపెట్టమంటే మాత్రం, ఎంత పెద్ద గుంపుకైనా గబగబా తేల్చే సూత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు!

ఇక అసలు విశేషం. లాప్‌టాప్ లేదు, కరెంటూ లేదు, అయినా ఈ వరస కుదిర్చిన మహానుభావుడు ఎవరో మీకు తెలుసా? అమరసింహుడు! ఆయన సంస్కృత నిఘంటువు అమరకోశంలో 3 కాండలు, దాదాపు 1,500 శ్లోకాలు. రెండో కాండ తెరవండి: ముందు భూమి, తర్వాత పట్టణం, కొండలు, చెట్లు, జంతువులు. మనుషుల వంతు ఆ తర్వాతే. నేల లేనిదే ఊరెక్కడ కడతారు? రియల్ ఎస్టేట్ వాళ్లు కూడా కాదనలేరు!

మొదటి కాండలో విష్ణువు పేర్లయ్యాక ఎవరొస్తారో తెలుసా? వసుదేవుడు, బలరాముడు, మన్మథుడు, అనిరుద్ధుడు, లక్ష్మి. వెనకాలే పాంచజన్యం, సుదర్శనం, గద, కత్తి, కౌస్తుభం. చివర్లో గరుత్మంతుడు. శంఖమూ పక్షీ ఒకే జాతా? కానే కాదు. తండ్రి, అన్న, కొడుకు, మనవడు, భార్య, ఆయుధం, వాహనం: అన్నీ ప్రాపర్టీలే! మామూలు పక్షులు రెండో కాండలో సింహాల వర్గంలో ఉంటే, గరుత్మంతుడికి మాత్రం స్వామి పక్కనే సీటు. దాన్నంటారు రిజర్వేషన్!

మరి ఈ చుట్టరికాలను కంప్యూటర్‌కు ఎక్కించింది ఎక్కడో మీకు తెలుసా? అమెరికాలో కాదు, గచ్చిబౌలిలో! హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సంస్కృత విభాగం నుంచి శివజ నాయర్, అంబా కులకర్ణి 2010లో అమరకోశం లోపలి అల్లికపై పరిశోధన పత్రం వెలువరించారు. అవయవ–అవయవి, జన్య–జనక, పతి–పత్ని, స్వ–స్వామి... ఒక్కో బంధానికీ ఒక్కో ట్యాగు. ఐటీ కారిడార్‌లో ఇంతకంటే పాత డేటా ఎవరి దగ్గరైనా ఉంటే చేయెత్తండి!

మీకు తెలుసా? ఇలాంటి బంధాలనే ఇప్పుడు రాసిపెట్టే వికీడేటాలో హైదరాబాద్‌కు క్యూ1361 అని నంబరుంది. తెలుగు భాషది క్యూ8097. ‘ఇది దానిలో ఒక రకం’ అనే బంధం పీ279. బిర్యానీకీ ఓ నంబరుంది, ఆకలేస్తే మీరే వెతుక్కోండి!

ఆఖరి ప్రశ్న. అమరకోశంలో చంద్రుడు ఎక్కడున్నాడు? స్వర్గవర్గంలో దేవతల మధ్యా? ఊహూ! దిగ్వర్గంలో, మబ్బులూ మెరుపులూ అయ్యాక. నమ్మకం కుదరకపోతే తెలుగు టీక ‘గురుబాలప్రబోధిక’ తెరిచి చూసుకోండి.