పాట ఊరటే, మరి స్వస్థత?

నిజాంపేటలో తెల్లవారితే మనలో చాలామందికి పరుగే. పిల్లల్ని స్కూలు బస్సెక్కించి, జేఎన్‌టీయూ కూడలి దాటి హైటెక్ సిటీ చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఆపైన డెడ్‌లైన్లు, మీటింగులు, రాత్రివేళ విదేశీ క్లయింట్ల కాల్స్. అలాంటప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో ఒక పాట వింటే ప్రాణం లేచొస్తుంది.

ఇది వట్టి భ్రమ కాదు. కెనడాలోని నాలుగు కంపెనీలకు చెందిన 56 మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను తెరెసా లెసియుక్ అనే పరిశోధకురాలు ఐదు వారాలపాటు పరిశీలించి, ఫలితాలను 2005లో ప్రచురించారు. సంగీతం లేని వారంలో వారి ఉల్లాసం, పని నాణ్యత తగ్గాయి. పనికి ఎక్కువ సమయం పట్టింది.

బైబిలుకు ఇది కొత్త సంగతి కాదు. దురాత్మ సౌలు రాజును కలవరపెట్టినప్పుడల్లా దావీదు సితారా వాయించేవాడు, రాజు ఊరట పొందేవాడు (1 సమూయేలు 16). కానీ 18వ అధ్యాయానికి వచ్చేసరికి, దావీదు వాయిస్తుండగానే సౌలు అతనిపై ఈటె విసిరాడు! సితారా అదే, వాయించే చెయ్యీ అదే. మారింది సౌలు హృదయం. దావీదుకు తనకంటే ఎక్కువ పేరొచ్చిందన్న అసూయ అందులో గూడు కట్టుకుంది. పక్కసీటు వారికి ప్రమోషన్ వచ్చిందని రగిలిపోతున్న మనసును ఏ పాటా బాగుచేయలేదు. దాన్ని దేవుని ముందు ఒప్పుకొని వదులుకోవలసిందే.

ఒత్తిడికి కారణం మనలో కాక బయట ఉంటేనో? ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలలు దెబ్బలు తిని, కాళ్లకు బొండ ఉండగానే అర్ధరాత్రి దేవుణ్ణి కీర్తించారు (అపొస్తలుల కార్యములు 16). మనం తరచూ అక్కడితో ఆగిపోతాం. తెల్లవారాక అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా రోమా పౌరులను కొట్టించారు గనుక, వారే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. రాత్రి పాడిన నోరే పొద్దున న్యాయం అడిగింది!

కాబట్టి ఆఫీసులో పాట విందాం, ఆదివారం సంఘంతో కలిసి గొంతెత్తి పాడదాం. అసూయ ఉంటే దేవుని ముందు పెడదాం. మోయలేని పనిభారమైతే మేనేజరుకు మర్యాదగా, సూటిగా చెబుదాం. మనకింద పనిచేసేవారి ఒత్తిడికి మనమే కారణమైతే, వారికి పాటకంటే ముందు వేళకు ఇంటికి వెళ్లే వీలు కల్పిద్దాం.