డప్పు లేని ధ్వని పాఠం

ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠం చెబుతూ ఒకనాడు నల్లబల్ల మీద వాద్యాల పేర్లు రాశాను. వీణ, వేణువు, మృదంగం, తబలా, సన్నాయి, గిటార్. వెనుక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి ‘సార్, మరి డప్పు?’ అంది. తరగతిలో సగం మంది నవ్వారు. ఆ నవ్వు నాకు కొత్త కాదు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరొకటి. నేను డప్పు కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. గడ్డిమంట వేసి డప్పు కాచిన చేతులు నావి. ఇరవై ఏళ్లుగా భౌతిక శాస్త్రం బోధిస్తూ ఆ పేరును ఒక్కసారి కూడా బల్ల మీద రాయలేదు. రాయవద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకుండానే ఆ పని నాచేత చేయించిన చదువు గురించి ఈ వ్యాసం.

ఆ రోజు పాఠం అక్కడే ఆపి డప్పు గురించి మాట్లాడాను. తోలులో తేమ ఉంటే అది సాగుతుంది, మోత మందగిస్తుంది. మంటకు కాచినప్పుడు తేమ ఆరి తోలు బిగుసుకుంటుంది. బిగువు పెరిగితే కంపనాల సంఖ్య పెరుగుతుంది, స్వరం పైకి లేస్తుంది. పౌనఃపున్యానికీ తన్యతకూ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే తేలికగా చూపే ప్రయోగం మా ప్రయోగశాలలో లేదు. వాన పడిన రోజు ఊరేగింపులో డప్పు ఎందుకు పలకదో మా వాడ పిల్లలకు తెలుసు. దాన్ని సైన్స్ అంటారని మాత్రం తెలియదు.

సి.వి. రామన్ మృదంగం, తబలాల మీద పరిశోధన చేసి 1920లోనే ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. మామూలు తోలు పొర ఇచ్చే ఉపస్వరాలు తీగవాద్యాల్లో లాగా క్రమమైన నిష్పత్తిలో పొసగవు. మృదంగం మధ్యలో పూసే నల్లటి ముద్ద బరువు వల్లనే అవి పొసుగుతాయని ఆయన తేల్చాడు. మనం గర్వించవలసిన పరిశోధన అది. అయితే ఆ ముద్ద ఎంత మందాన, ఎన్ని పొరలుగా పూయాలో రామన్‌కు ముందే తెలిసినవారున్నారు. టి.ఎం. కృష్ణ 2020లో వెలువరించిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ ఆ మృదంగం చేసేవారి గురించిన పుస్తకం. వారిలో చాలామంది దళిత క్రైస్తవులు. ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు ఎంచి, కోసి, బిగించి వారు తయారు చేసిన వాద్యాన్నే భౌతికశాస్త్రం పరీక్షించింది. పిల్లల కోసం రాసే సైన్స్ పుస్తకంలో రామన్ పేరు పక్కన ఆ చేతులకు ఒక్క వాక్యం చోటు దొరకకపోవడం పొరపాటు అనుకోవడానికి నాకు మనసొప్పదు.

తెలుగులో పిల్లలకు సైన్స్ చెప్పినవారు లేకపోలేదు. మహీధర నళినీమోహన్ తెలుగు వాక్యం ఎంత సరళంగా సైన్సును మోయగలదో చూపించాడు. సోవియట్ ప్రచురణలుగా వచ్చిన పెరెల్‌మన్ పుస్తకాలు నా తరంలో ఎందరినో సైన్స్ ఉపాధ్యాయులుగా మార్చాయి. జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికను నడిపి బడి పిల్లల చేతుల్లో పెట్టింది. ఈ రుణం నాకుంది. కానీ నేను చదివినంతలో ఈ సైన్స్ గ్రహాల దగ్గరికి వెళ్లినంత చొరవగా ఊరి చివరి వాడకు రాలేదు. మూఢనమ్మకాలను ఎదిరించమంది. అన్నిటికంటే పెద్ద మూఢనమ్మకమైన అంటును మాత్రం ఎక్కువగా సాంఘిక శాస్త్రానికి వదిలేసింది.

యలవర్తి నాయుడమ్మ గురించి మన పిల్లలు చదువుతారు. తెనాలి ప్రాంతపు పల్లెలో పుట్టి, చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సంచాలకుడై, తరువాత దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతి అయిన తోలు శాస్త్రవేత్త. 1985లో కనిష్క విమానం పేలుడులో ఆయన్ను పోగొట్టుకున్నాం. ఆ పాఠం చదివిన పిల్లవాడు తోలును శుద్ధి చేయడం గొప్ప శాస్త్రమని ఒప్పుకుంటాడు. అదే పిల్లవాడు మాదిగవాడలో లంద పక్కగా వెళ్తే ముక్కు మూసుకుంటాడు. లందలో జరిగేదేమిటి? సున్నపు నీటిలో నానిన తోలు వెంట్రుకలు వదులుతుంది. తంగేడు చెక్క, కరక్కాయల రసంలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ పోగులను పట్టుకుని, కుళ్లే పదార్థాన్ని కుళ్లని పదార్థంగా మారుస్తాయి. ప్రయోగశాలలో దీనికి డాక్టరేట్లు ఇస్తారు. లంద దగ్గర దీనికి దక్కింది వెలి.

చాకలివారి చౌడు సంగతీ ఇంతే. చౌడు మట్టిలోని సోడియం కార్బొనేట్ నీటిలో క్షారమై జిడ్డును విడగొడుతుంది. బానలో ఆవిరికి ఉడికితే ఆ పని ఇంకా త్వరగా సాగుతుంది. ఆమ్లాలు, క్షారాల పాఠంలో సబ్బు తయారీ ఉంటుంది. సబ్బు రాకముందు ఊరందరి మైలను వదిలించిన రసాయన శాస్త్రం ఎవరి దగ్గర ఉండేదన్న ప్రశ్న ఉండదు.

ఈ లోటును గుర్తించి పిల్లలకోసం పుస్తకం రాసిన మనిషి మన మధ్యే ఉన్నాడు. కంచ ఐలయ్య ఇంగ్లీషులో రాసిన ‘టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్’ను 2007లో నవయాన ప్రచురించింది. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. ఆదివాసీలు, తోలు పనివారు, కుమ్మరులు, రైతులు, నేతగాళ్లు, చాకలివారు, మంగలివారు ఈ దేశానికి ఇచ్చిన జ్ఞానమేమిటో అందులో ఒక్కొక్కటిగా చెప్పాడు. ఐలయ్య ఇతర పుస్తకాల మీద మన పేజీల్లో జరిగిన వాదంలో పదో వంతు కూడా ఈ చిన్న పుస్తకం మీద జరగలేదు. పిల్లల పుస్తకమంటే మన రాజకీయ పాఠకులకూ చిన్నచూపే.

ఇక కథలు. ‘అనగనగా ఒక ఊళ్లో ఒక పేద బ్రాహ్మణుడు’ అని మొదలయ్యే కథలు చదివే నేను చదవడం నేర్చుకున్నాను. ‘చందమామ’ను, దాన్ని మూడు దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు తెలుగును తక్కువ చేయను. ఆ వాక్యమే లేకపోతే ఈ వాక్యం నాకు రాదు. కానీ ఆ లోకంలో రాజు, మంత్రి, జమీందారు, పండితుడు మనుషులు. చాకలి అంటే గాడిదతో వచ్చే అమాయకుడు. మంగలి అంటే రహస్యం దాచుకోలేనివాడు. మాలమాదిగలైతే హాస్యానికి కూడా పనికిరానంత దూరం. చిన్నప్పుడు ఇదేదీ నాకు తోచలేదు. కథ చదువుతున్నంతసేపు నేను రాజకుమారుణ్ణే. పుస్తకం మూసి నీళ్లకు వెళ్లినప్పుడే నేనెవరో తెలిసేది.

2008లో హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధన కేంద్రం ఈ గోడను తట్టింది. డీసీ బుక్స్‌తో కలిసి తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో పిల్లల కథల వరుస ఒకటి తెచ్చింది. అందులో గోగు శ్యామల కథల్లో మాదిగవాడ పిల్లలు దయతో చూడవలసిన పాత్రలు కారు, కథను నడిపేవారు. మహమ్మద్ ఖదీర్‌బాబు కథలో ముస్లిం ఇంట తలకాయ కూర ఉడుకుతుంది, దాని గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోదు. ఇలాంటి పుస్తకాలు పట్నంలోని పుస్తక ప్రదర్శనల్లో అమ్ముడయ్యాయి, సెమినార్లలో చర్చకు వచ్చాయి. నేను పనిచేసిన ఏ బడి బీరువాలోనూ నాకు కనిపించలేదు.

బీరువా అంటున్నాను, గ్రంథాలయం అనడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని స్పష్టంగా చెప్పింది. కథను చట్టం హక్కుగా గుర్తించింది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏటా 5 వేల రూపాయల నుంచి, పన్నెండో తరగతి దాకా ఉన్న బడికి 20 వేల దాకా గ్రంథాలయ నిధిని నిర్దేశించారు. ఆ సొమ్ముతో వచ్చే కట్టలు విప్పితే నీతికథలు, మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జి. మహనీయుల్లో అంబేద్కర్ తప్పక ఉంటాడు. రాజ్యాంగం రాసిన కోటు మనిషిగా ఉంటాడు. 1901లో తండ్రిని చూడటానికి రైల్లో వెళ్లి, మసూరు స్టేషన్‌లో దిగి, దారిపొడవునా నీళ్లు పుట్టక దాహంతో రాత్రి గడిపిన తొమ్మిదేళ్ల పిల్లవాడిగా ఉండడు. ఎంపిక చేసే కమిటీల్లో ఎవరుంటారు, వారిలో ఎందరు ఈ వాడల నుంచి వచ్చారు అన్న ప్రశ్న వేసిన విద్యార్థి సంఘాన్ని నేనింకా చూడలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ధర్నా చేసే సంఘాలు బడి బీరువా తాళం కోసం కూడా ఒక పూట కూర్చోవచ్చు.

ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడి కథను నేను నీటి పాఠంతో కలిపి చదివిస్తాను. నీటికి రంగు, రుచి, వాసన లేవని సైన్స్ చెబుతుంది. కులం ఉందని ఆ కథ చెబుతుంది. 1927లో మహాడ్ చెరువు నీళ్లు అంబేద్కర్, ఆయన వెంట వచ్చినవారు తాగిన తరువాత, సవర్ణులు పేడ, గోమూత్రం, పాలు, పెరుగు పోసి ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. నీటిలో ఏది కలిస్తే రోగం వస్తుంది, ఏది కలిస్తే రాదు అన్న సూక్ష్మజీవుల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుని విధిగా చేర్చిన 51-ఎ అధికరణం 1976 నుంచి రాజ్యాంగంలో ఉంది. దాన్ని పాటించడానికి ఈ ఒక్క పాఠం చాలు. మేఘనాథ్ సాహా సమీకరణం నేర్పేటప్పుడు, కలకత్తా హాస్టల్‌లో ఆయనతో కలిసి భోజనం చేయడానికి అగ్రవర్ణ విద్యార్థులు నిరాకరించిన సంగతి కూడా చెబుతాను. నక్షత్రాల వర్ణపటాన్ని విప్పిన మనిషిని పంక్తిలో కూర్చోనివ్వలేదంటే పిల్లలు నమ్మరు. నమ్మకపోవడమే మంచిది, వెతుక్కుంటారు.

ఇంతవరకు రాసింది చదివి నేను గెలిచాననుకుంటే పొరపాటు. లంద గురించి చెప్పిన మరునాడు ఒక తండ్రి బడికి వచ్చాడు. హమాలీ పని చేస్తాడు. ‘సార్, దాన్నుంచి బయట పడేయమనే బిడ్డను మీ దగ్గరికి పంపిన. మళ్ల మీరు దాన్నే చెప్తున్నరు’ అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను. ఆయన భయానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడిని పూటకు కుదించి, మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నాడు. పెరియార్ దాన్ని కులవిద్య అని ఎదిరించాడు. మరుసటి ఏడాది రాజాజీ పదవి వదిలాడు, కామరాజ్ ఆ పథకాన్ని రద్దు చేశాడు. శ్రమను గౌరవించడమనే పేరుతోనే ఆ పథకమూ వచ్చింది. కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని 1936లోనే అంబేద్కర్ రాసిపెట్టాడు. ఆ తండ్రి ఆ పుస్తకం చదవకపోవచ్చు, ఆ మాట మాత్రం నాకంటే బాగా ఎరుగును.

అందువల్ల నా పాఠాన్ని కొంత మార్చుకున్నాను. లంద గురించి మాదిగ పిల్లలను అడగను. మోతుబరుల పిల్లలను అడుగుతాను. టానిన్ ఏం చేస్తుందో, ఆ పని చేసినవారికి మీ తాతలు కూలి కింద ఏమిచ్చారో ఇంట్లో అడిగి రాసుకు రమ్మంటాను. కొందరు రాసుకు వచ్చారు. ఒకరిద్దరి ఇళ్ల నుంచి ఫిర్యాదులూ వచ్చాయి. మా వాడ పిల్లల చేతికి మాత్రం గ్రహాలు, అగ్నిపర్వతాలు, డైనోసార్ల పుస్తకాలు ముందు ఇస్తాను.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి లేఖలో, కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలనుకున్నానని రాశాడు. ఆ లేఖలోని రాజకీయాన్ని మనం పదేపదే చదివాం, చదవాలి కూడా. ఆ ఒక్క కోరిక మీద ఎక్కువసేపు నిలవలేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒక దళిత విద్యార్థి నక్షత్రాల గురించి రాయాలనుకున్నాడు. దళితుడు తన బాధ గురించి రాస్తే చదవడానికి తెలుగు సాహిత్యం సిద్ధపడింది. ముప్పై ఏళ్లు పోరాడితే సిద్ధపడింది. దళితుడు శనిగ్రహం గురించి రాస్తే ఎవరు వేస్తారు, ఏ పత్రికలో, ఏ బడికి చేరుతుంది? డప్పు సైన్స్ పుస్తకంలోకి రావాలని నేను అడిగేది, డప్పు కొట్టినవాడి మనుమరాలు సైన్స్ పుస్తకం రాయడానికి దారి పడాలని. ఈ రెండూ వేరు కోరికలు. మొదటిది చేసి రెండోది మరచిపోతే ఆ హమాలీ తండ్రి మళ్లీ వస్తాడు.

నన్ను డప్పు గురించి అడిగిన అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. బీరువా తాళంచెవి ఈ ఏడు ఆమె దగ్గరే ఉంచాను. గోడపత్రికకు డప్పు మీద ఒక వ్యాసం రాయమని అడిగితే సరేనంది. పోయిన వారం ఇచ్చింది. శనిగ్రహం వలయాల మీద రాసింది. అందులో రెండు లెక్కలు తప్పాయి. దిద్ది తిరిగి ఇచ్చాను.