గృహ నమూనాలలో కప్పు, గోడల సంధి లోపాలు

గృహరూపకల్పన సాఫ్ట్‌వేర్‌లో గోడ అనేది ఒక ఆధారరేఖ, మందం, ఎత్తులతో నిర్వచితమైన ఘనరూపం. వాలుకప్పు తన ఆధారరేఖ నుంచి నిర్దిష్ట కోణంలో పైకి లేచే తలం. ఈ రెండింటినీ వేర్వేరు కొలతలు శాసిస్తాయి గనుక, కలవవలసిన చోట అవి కలిసి తీరుతాయన్న హామీ ఆ నిర్వచనాలలో లేదు. గోడ పైతలానికీ కప్పు అడుగుతలానికీ నడుమ మిగిలే ఖాళీని సంధి విచ్ఛేదం అందాం. గోడ కప్పును చీల్చుకొని పైకి పొడుచుకురావడం కూడా ఈ లోపానికే మరో రూపం. కారణాన్ని బట్టి ఇది ఆకృతిజన్యం, మందజన్యం, సంఖ్యాజన్యం అని మూడు విధాలు.

ఆకృతిజన్య విచ్ఛేదం చూడగానే తెలుస్తుంది. బయటి అంచుల మధ్య 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల గోడలు, 30 డిగ్రీల రెండు వాలుల కప్పు గల ఇంటిలో కప్పు వెన్ను గోడ తలకన్నా 1.73 మీటర్లు పైకి లేస్తుంది. చివరి గోడ 3 మీటర్ల దగ్గరే ఆగిపోతే ఆ పైన ముక్కోణాకారపు ఖాళీ మిగులుతుంది. రెవిట్‌లో గోడ పైఅంచును కప్పుకు జతపరిచే ఆదేశం ఉంది. స్వీట్ హోమ్ 3డీలో గోడను నడిమికి రెండుగా విభజించి, ఒక్కొక్క సగానికి ఒక కొసన 3, రెండవ కొసన 4.73 మీటర్ల ఎత్తు ఇవ్వాలి.

మందజన్య విచ్ఛేదం ఇంతకన్నా సూక్ష్మమైనది, అభ్యాసకులను ఎక్కువగా తికమకపెట్టేదీ ఇదే. చూరు కిందనున్న గోడ మందం 230 మిల్లీమీటర్లు అనుకుంటే, 30 డిగ్రీల వాలులో కప్పు ఆ మందాన్ని దాటేలోగా 133 మిల్లీమీటర్లు లేస్తుంది. కప్పు అడుగుతలం గోడ బయటి అంచును తాకితే లోపలివైపు అంత ఎత్తున చీలిక తెరుచుకుంటుంది. లోపలి అంచును తాకితే బయటి అంచు అంత మేర కప్పులోకి చొచ్చుకుపోతుంది. మధ్యరేఖను ఆధారంగా తీసుకుంటే లోపాన్ని రెండు వైపులా సగం సగం పంచినట్టవుతుంది, అంతే. నిజమైన పెంకుటింటిలో వాసాల నడుమ సందులను తాపీమేస్త్రి ఇటుక ముక్కలతో పూడుస్తాడు. సాఫ్ట్‌వేర్ చెప్పనిదే ఏదీ పూడ్చదు. కాబట్టి జతపరిచే ఆదేశాన్ని ముక్కోణపు గోడలతో ఆపక చూరు గోడలకూ వర్తింపజేయాలి. మందం వెంబడి గోడను ఏటవాలుగా కోసే సదుపాయం లేనప్పుడు లోపలి అంచునే ఆధారం చేసుకోవడం మేలు: కప్పు మందం 150 మిల్లీమీటర్లయితే నిలువు కొలతలో అది 173 అవుతుంది గనుక, చొచ్చుకువచ్చిన 133 మిల్లీమీటర్ల అంచు అందులో దాగిపోతుంది. అయితే వెన్ను కూడా 133 మిల్లీమీటర్లు దిగి 4.60 మీటర్లకు చేరుతుంది. ముక్కోణపు గోడల ఎత్తును తిరిగి లెక్కకట్టాలి. సామగ్రి అంచనాలో ఆ అతివ్యాప్త భాగం రెండుసార్లు పడకుండా చూసుకోవాలి.

ఖాళీలో విడి ముక్కలు అమర్చి కప్పెట్టే పద్ధతి ప్రచారంలో ఉన్నా, దానిని సవరణ అనలేం. వాలును 30 నుంచి 25 డిగ్రీలకు మార్చగానే కప్పు కదులుతుంది, ఆ ముక్కలు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి.

సంఖ్యాజన్య విచ్ఛేదానికి మూలం గణనయంత్రపు పరిమిత సూక్ష్మతలో ఉంది. 1985లో వెలువడిన ఐఈఈఈ 754 ప్రమాణంలోని ఏకసూక్ష్మత సంఖ్యలో సార్థక అంకెల భాగానికి 24 ద్విసంఖ్యాంకాల నిడివి మాత్రమే ఉంటుంది. తెరపై చిత్రణకు సాధారణంగా వాడేది ఇటువంటి సంఖ్యలనే. భూమధ్యరేఖ నుంచి ఉత్తరంగా కొలిచే యూటీఎం నిరూపకాలలో హైదరాబాదు విలువ 19 లక్షల మీటర్లకు పైమాటే. అంత పెద్ద విలువ వద్ద పక్కపక్క సంఖ్యల అంతరం 12.5 సెంటీమీటర్లు, సర్వే నిరూపకాలను యథాతథంగా దిగుమతి చేస్తే తెరపై అతుకులు విడివడి కనిపించడంలో వింత లేదు. నమూనా మూలబిందువును ఇంటి మూలకే తెచ్చి, సర్వే విలువలను విడిగా నమోదు చేసుకుంటే ఈ లోపం తొలగుతుంది.

పరీక్షకు త్రిమితీయ దృశ్యం చాలదు, నిలువుకోత చిత్రం తీయాలి. చూరు గోడ మధ్యలో ఒకటి, వెన్ను కింద ఒకటి, రెండు వాలులు లోయగా కలిసే మూలలో ఒకటి తీస్తే ప్రధాన సంధులు బయటపడతాయి. ఆ నమూనాను త్రిమితీయ ముద్రణకు పంపదలిస్తే మరింత కఠినమైన నియమం పాటించాలి: ప్రతి అంచూ సరిగ్గా రెండు ముఖాలకే చెందాలి, ఒకే ముఖానికి చెందిన అంచు ఎక్కడ కనిపిస్తే విచ్ఛేదం అక్కడ ఉంది.