మోదుగ చెట్టుపై లక్క పంట: తొందరపడి కోస్తే విత్తనమే మిగలదు

వేసవి ముందు ఆకులు రాల్చి, కొమ్మల నిండా ఎర్రని పూలతో కనిపించే మోదుగ చెట్టు తెలుగువారికి బాగా తెలిసినదే. దీని శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మా. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని 'పరసా' అంటారు. కంది, చిక్కుడులాగే ఇదీ ఫాబేసీ కుటుంబానికి చెందినదే. అయితే దీని కాయలో ఒకే గింజ ఉంటుంది. 'మోనోస్పెర్మా' అంటే ఒకే విత్తనం కలది అని అర్థం.

మోదుగ ఆకులతో విస్తళ్లు కుడతారు. పూలను నీటిలో మరిగించి హోలీ రంగు తీస్తారు. బెరడు నుంచి ఎర్రని బంక వస్తుంది. రాయ్‌పూర్ చుట్టుపక్కల వరి పొలాల గట్ల మీద, అడవుల్లో తనంతట తానే పెరిగే ఈ చెట్టుకు మరో ఉపయోగం కూడా ఉంది. అదే లక్క సాగు.

లక్క ఒక పురుగు స్రవించే జిగురు. కెరియా లాకా అనే ఈ పురుగు పిల్లలు సుమారు అర మిల్లీమీటరు పొడవుంటాయి. ఇవి లేత రెమ్మల మీద స్థిరపడి, సన్నని ముక్కును లోపలికి దింపి చెట్టు రసం పీలుస్తాయి. తమ శరీరం చుట్టూ జిగురును స్రవిస్తాయి. అది గట్టిపడి రెమ్మకు పెంకులా అంటుకుంటుంది. గాజులు, వార్నిష్, మాత్రలపై పూత వంటి వాటికి ఈ లక్కనే వాడతారు.

మోదుగపై పెరిగే రకాన్ని 'రంగీనీ' అంటారు. ఏడాదికి రెండు పంటలు వస్తాయి. జూన్-జులైలో మొదలై అక్టోబర్-నవంబర్‌లో ముగిసేది కత్కీ. అప్పుడు మొదలై మరుసటి జూన్-జులై వరకు సాగేది బైశాఖీ. ఏప్రిల్‌లో కొమ్మలు కత్తిరించిన చెట్టుకు అక్టోబర్ నాటికి లేత రెమ్మలు సిద్ధమవుతాయి. పిల్లలు బయటికి రాబోయే దశలోని లక్క పుల్లలే విత్తన లక్క. వీటిని చిన్న కట్టలుగా రెమ్మలకు కడితే పిల్లలు పాకుతూ వెళ్లి కొత్త రెమ్మలపై స్థిరపడతాయి. సుమారు మూడు వారాల తర్వాత ఖాళీ పుల్లలను తీసేయాలి. లేకపోతే వాటిలోని శత్రు కీటకాలు కొత్త పంటను తినేస్తాయి.

అసలు చిక్కు బైశాఖీ పంటతోనే. రాయ్‌పూర్ ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకు తల్లి పురుగుల్లో చాలా చనిపోవచ్చు. ఆ భయంతోనో, చేతిలో డబ్బు అవసరమయ్యో రైతులు చాలాసార్లు ఏప్రిల్-మే నెలల్లోనే పచ్చి లక్క కోసేస్తారు. దీన్ని 'అరి' అంటారు. అప్పటికి పిల్లలు తయారై ఉండవు. జిగురుకు డబ్బు వస్తుంది కానీ జులైలో చెట్లకు కట్టడానికి విత్తన లక్క మిగలదు. కత్కీ పంట ఆగిపోతుంది, లేదా విత్తన లక్క కొనాల్సి వస్తుంది.

దీనికి మార్గం ఉంది. తన చెట్లను రైతు రెండు మూడు భాగాలుగా విభజించుకుని, కొన్నింటిపై పంటను పూర్తిగా పండేవరకు ఉంచాలి. పంట తీసిన చెట్లకు కొంతకాలం విశ్రాంతినివ్వాలి. పండిందో లేదో తెలుసుకోవడం సులభమే. లక్క గుళికల వెనుక భాగంలో పసుపు మచ్చ కనిపిస్తే పిల్లలు త్వరలో బయటికి వస్తాయని గుర్తు.

లక్క పరిశోధనకు రాంచీలో 1924లోనే ప్రత్యేక సంస్థ మొదలైంది. అదే నేటి జాతీయ ద్వితీయ వ్యవసాయ సంస్థ. 2013-14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు అందులో రంగీనీ లక్క కూడా చేరింది.

మోదుగను నరికి కట్టెలుగా అమ్మితే ఆదాయం ఒక్కసారే. లక్కకు వాడితే కత్తిరించిన రెమ్మలు మళ్లీ చిగురిస్తాయి, చెట్టు నిలుస్తుంది. అయితే ఆ ఆదాయం ఏటా రావాలంటే విత్తన లక్కను ఎండాకాలం దాటించాలి.