నగర నిర్మాణం - సామాన్యుని స్థానం

నగరమనగానే ఎత్తయిన భవనాలు, విశాలమైన వీధులు, వాటిపై పరుగెత్తే వాహనాలు మన కళ్లకు కడతాయి. కాని నగరం గొప్పతనాన్ని కొలవవలసినది వాటితో కాదు. కుండపోతగా వర్షం కురిసిన రాత్రి నిరుపేద ఇల్లు నిలిచినదా? తెల్లవారిన తర్వాత నడవలేని వృద్ధురాలు ఆసుపత్రికి చేరగలిగినదా? ఈ రెండు ప్రశ్నలకు లభించే సమాధానమే నగర పాలకుల సమర్థతకు గీటురాయి. ఇవి వేరువేరు సమస్యలుగా కనిపించినా వీటి మూలం ఒక్కటే. నగరాన్ని రూపొందించే వేళ ఎవరిని దృష్టిలో ఉంచుకున్నారన్నదే ఆ మూలం. ఇందుకు మన హైదరాబాదు చరిత్రే చక్కని నిదర్శనం.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదకు ఉర్దూలో ‘తుగ్యానీ సితంబర్’ అని పేరు. ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. ప్రసిద్ధ రుబాయీ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను అందులోనే పోగొట్టుకున్నారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నగరం కాపాడలేని ప్రజలను ఒక చెట్టు కాపాడినది!

ఆ దుఃఖం నుండి నాటి పాలకులు పాఠం నేర్చుకున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1909లో ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినవని ఆయన పరిశీలనలో తేలినది. నీటిని నగరానికి ఎగువనే జలాశయాలలో పట్టి ఉంచి, మెల్లగా విడవాలని ఆయన సూచించారు. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినవి. వరదను ఆపిన జలాశయాలే నగరానికి త్రాగునీరు కూడా ఇచ్చినవి. 1912లో ఏర్పడిన ‘ఆరాయిష్-ఎ-బల్దా’ అనే నగరాభివృద్ధి సంస్థ ఇరుకు బస్తీలను తొలగించడంతో సరిపెట్టక, సామాన్యులకు ఇళ్లు కూడా కట్టించినది. 1932లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో ప్రభుత్వ రవాణాకు శ్రీకారం చుట్టినది.

అయితే నేర్చిన పాఠాన్ని కాలక్రమేణా మరచిపోయాము. 2020 అక్టోబరు వర్షాలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతనగరంలోని పలు బస్తీలు నీట మునిగినవి. 112 ఏండ్ల తర్వాత కూడా తెగినవి చెరువులే. శిఖం భూములలో ఇళ్లు వెలిసి, నాలాలు ఇరుకైనప్పుడు నీరు తన పాతదారిని వెదుక్కోక మానదు. పల్లపు స్థలం చౌక గనుక దానిని కొనేది పేదవాడే, మునిగేదీ పేదవాడే. కనుక పాలకులు శిఖం, నాలా హద్దులను ముందుగానే ప్రజలకు తెలియజేయాలి. తప్పనిసరిగా తరలించవలసిన కుటుంబాలకు, ఉన్న ఇల్లు కూల్చకముందే, వారి జీవనోపాధికి దగ్గరలో మరొక ఇల్లు చూపాలి.

ఇక రవాణా విషయం. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలోను, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లోను మహిళలకు ఆర్.టి.సి. బస్సులలో ఉచిత ప్రయాణం ఆరంభమైనది. కూలిపనికి పోయే తల్లికి, కళాశాలకు వచ్చే కుమార్తెకు ఇది సామాన్యమైన మేలు కాదు. కాని టిక్కెట్టు ఒక్కటే అడ్డంకి కాదు. మామూలు బస్సులో నేలమట్టం సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ఊతకర్రలతో వచ్చేవారికి ఆ మెట్లే గోడలవుతాయి. నేలమట్టం 40 సెంటీమీటర్లే ఉండే బస్సులు కూడా ఉన్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రవాణా సౌకర్యం వారికి అందుబాటులో ఉండాలని నిర్దేశించినది. అంటే అది దయ కాదు, హక్కు.

ఇందుకు అపారమైన ధనం కావాలని కొందరి వాదం. బ్రెజిల్ దేశంలోని కురిచీబా నగరం ఆ వాదానికి జవాబు చెప్పినది. 1971లో అక్కడ మేయరైన వాస్తుశిల్పి జైమే లెర్నర్ ఖర్చుతో కూడిన భూగర్భ రైలుకు బదులు బస్సులను ఎంచుకున్నారు. 1974లో బస్సులకే ప్రత్యేక బాటలు ఏర్పడినవి. 1991లో గొట్టం ఆకారపు స్టాపులు వచ్చినవి. ప్రయాణికుడు ముందే టిక్కెట్టు తీసుకుని, మెట్లెక్కే పని లేకుండా, స్టాపు అరుగు మీదినుండి నేరుగా బస్సులోనికి నడుస్తాడు. ఆ నగరమే నదీతీరాలలో ఉద్యానవనాలు, సరస్సులు నిర్మించి వరదనీటికి చోటు కల్పించినది. వరదనుండి రక్షణ, అందరికీ ప్రయాణం ఒకే దృష్టితో సాధ్యమని దీనివల్ల తెలుస్తున్నది.

ఆ దృష్టి పాలకులకు కలగాలంటే ప్రజల గొంతు వారి చెవిన పడాలి. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలలో వార్డు కమిటీలు ఉండాలని 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ విధించినది. వాటిలో వికలాంగుని మాట, బస్తీ స్త్రీ మాట వినిపించిననాడే అవి సార్థకమవుతాయి.

విద్యార్థులు ఈ విషయంలో ప్రేక్షకులుగా ఉండరాదు. మన కళాశాల ద్వారం నుండి బస్సుస్టాపు వరకు ఒకసారి నడచి చూడండి. ఫుట్‌పాత్ ఎంత ఎత్తున్నది, ఎక్కడ తెగిపోయినది, ఎక్కడ వాననీరు నిలుస్తున్నది కొలచి వ్రాయండి. తెలుగులోను, ఉర్దూలోను వినతిపత్రం సిద్ధపరచి మీ కార్పొరేటరుకు అందజేయండి. కళాశాల మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీకి వాలుబాట వేయించే విషయాన్ని మన కమిటీవారు ఆలోచించగలరని ఆశిస్తున్నాను. నగరాన్ని సంస్కరించాలని కోరేవారు ముందుగా తమ గుమ్మాన్ని అందరికీ తెరవడం న్యాయం కదా!