మారియో పరుగు: మామా అల్లుళ్ల తగవు

వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు బరంపురం వచ్చాడంటే మా ఇల్లు ఇల్లులా ఉండదు. ఈసారి మా అబ్బాయి కూడా బెంగుళూరు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం పనస తొనలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. అప్పుడే మామా అల్లుళ్లకు పెద్ద తగవు వచ్చింది. ఆస్తుల గురించి కాదు, రాజకీయాల గురించి అసలే కాదు. టోపీ పెట్టుకున్న మీసాల మారియో గురించి!

సంగతేమిటంటే, పదమూడేళ్ల మా మనవడు సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో మొదటి అంకాన్ని కంప్యూటరులో అతివేగంగా పూర్తిచేసి, ఆ దృశ్యాన్ని మామయ్యకు చూపించాడు. మా వాడు చిన్నప్పుడు టీవీ గేమ్ అంటే ప్రాణం పెట్టినవాడు. చూసి నోరు తెరిచాడు. "ఎలా నొక్కావురా ఇంత తొందరగా?" అని అడిగాడు. పిల్లవాడు దాచకుండా చెప్పాడు: ఆటను బాగా నెమ్మది చేసి, తప్పు పోయినప్పుడల్లా వెనక్కి వెళ్లి సరిదిద్దుతూ మూడు వారాలు కూర్చున్నానని. మావాడి ముఖం మారిపోయింది. "అయితే నువ్వు ఆడలేదన్నమాట. ఇది దొంగాట" అనేశాడు. ఆ రాత్రి పిల్లవాడు అన్నం తినలేదు.

తీర్పు నా మీద పడింది. నాకా, ఆ ఆటలో ఎటు దూకాలో కూడా తెలియదు. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రోజులు పాఠం చెప్పించుకున్నాను. ఈ తగవు మా ఇంట్లో పుట్టింది కాదనీ, ప్రపంచంలో ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్నదేననీ అప్పుడు తెలిసింది.

పాత ఆటలను వీలైనంత తక్కువ సమయంలో ముగించడాన్ని స్పీడ్‌రన్ అంటారు. అందులో మనిషి తన చేతులతో ఆ క్షణాన ఆడేది ఒక రకం. రెండవది టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, అంటే పనిముట్ల సాయంతో కూర్చిన పరుగు. దీనికి ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము కావాలి. మన వీధి భాగవతంలో ఒకాయన సత్యభామ వేషం కట్టినట్లు, కంప్యూటరు పాత టీవీ గేమ్ యంత్రం వేషం కడుతుంది. ఆ వేషంలో ఉండగా ఆటను ఎక్కడంటే అక్కడ ఆపవచ్చు. ఆ స్థితిని భద్రపరిచి, నచ్చకపోతే మళ్లీ అక్కడికే రావచ్చు. ఆ యంత్రం తెరమీద సెకనుకు సుమారు 60 బొమ్మలు వేస్తుంది. ఒక్కొక్క బొమ్మకు ఏ మీట నొక్కాలో తీరిగ్గా ఆలోచించి నిర్ణయించవచ్చు. చివరికి మిగిలేది వీడియో కూడా కాదు, మీటలు నొక్కిన వరుస మాత్రమే. దాన్ని ఎమ్యులేటరుకిస్తే మొత్తం ఆట మళ్లీ అలాగే నడుస్తుంది.

డూమ్ అనే ఆట 1993లో వచ్చింది. దాన్ని ఆడేవారు 1999 నాటికే ఇలాంటి పరుగులు కూర్చి, ఆ పేరుతోనే వేరుగా పెట్టేవారు. అసలు రభస 2003లో జరిగింది. మోరిమోతో అనే పేరుతో జపాను ఆటగాడొకరు సూపర్ మారియో బ్రదర్స్ 3ను 11 నిమిషాల్లో ముగించిన దృశ్యం దేశదేశాలకూ పాకింది. జనం అది చేతులతో ఆడినదే అనుకుని ఆయనను ఆకాశానికెత్తారు. నలభై వేలకు పైగా సార్లు వెనక్కి వెళ్లి సరిదిద్దుకుంటూ కూర్చినదని తెలిశాక, ఆ నోళ్లే మోసగాడన్నాయి. ఆయనేమీ దాచలేదు. తన పద్ధతిని జపనీస్ భాషలో రాసిపెట్టాడు. వీడియో ప్రపంచమంతా తిరిగింది, ఆ రాత మాత్రం దానితో వెళ్లలేదు.

ఇక్కడ నాకు మన అవధానం గుర్తుకొచ్చింది. సభలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది పృచ్ఛకులందరినీ ఎదుర్కొంటూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగిని కూడా తట్టుకుంటూ ఆశువుగా పద్యం చెప్పేవారిది ఒక విద్య. ఇంట్లో దీపం పెట్టుకుని ఒక్క పాదం కోసం పది రోజులు కొట్టివేతలు చేసుకునే కవిది ఇంకొక విద్య. ఈ రెండవ ఆయనను దొంగ అన్నవారిని నేను చూడలేదు. ఇంట్లో రాసుకున్న పద్యాన్ని సభలో అప్పటికప్పుడు పుట్టినట్లు చదివితే మాత్రం తప్పకుండా అంటారు. నేను ఈ మాట అనగానే మా అబ్బాయి, "అది సరే నాన్నా, వీడు మొదట చూపించినప్పుడు చెప్పలేదుగా" అన్నాడు. అందులోనూ న్యాయముంది. అడిగాక చెప్పడం వేరు, ముందే చెప్పడం వేరు.

అసలు యంత్రం మీద ఆడటం, ఎమ్యులేటరు మీద ఆడటం ఒకటేనా అన్నది మరో రగడ. పాత రిమోటులో దిక్కులకు ప్లస్ గుర్తులాంటి ఒకే మీట ఉంటుంది. కుడీ ఎడమా ఒకేసారి నొక్కడం కుదరదు. కంప్యూటరు కీబోర్డులో రెండు బాణాలూ ఒకేసారి నొక్కవచ్చు. అలా నొక్కితే మారియో ఒక్కసారిగా వేగం పుంజుకుంటాడట! అందుకే చేతులతో ఆడే పోటీల్లో దాన్ని నిషేధించారు. యంత్రసహాయ పరుగుల్లో ఒప్పుకుంటారు. నియమం ముందే రాసి ఉంది కనుక ఎవరికీ గొడవ లేదు.

ఈ సందర్భంలో మా మనవడు మామయ్యకు గట్టి దెబ్బే తీశాడు. "నీ టీవీ గేమ్ మాత్రం అసలుదా మామయ్యా?" అన్నాడు. నిజమే. 1990లలో మన దేశపు ఇళ్లలో కనిపించిన ఆ యంత్రాల్లో ఎక్కువ భాగం జపాను నింటెండో వారి ఫామికామ్‌కు నకళ్లు. క్యాసెట్లూ నకళ్లే. పైగా మన టీవీల పాల్ పద్ధతికి తగ్గట్టు చేసిన యంత్రాలు సెకనుకు 60 బదులు 50 బొమ్మలే వేసేవి. దాంతో ఆట కూడా కొంత మందగించేది. జపాను మారియో పరుగెత్తితే మన మారియో కాస్త నడిచాడన్నమాట! మావాడు నవ్వాపుకోలేకపోయాడు. తగవు సగం అక్కడే చల్లబడింది.

యంత్రసహాయం నిజాన్ని దాచడమే కాదు, బయటపెట్టిన సందర్భమూ ఉంది. డ్రాగ్‌స్టర్ అని 1980లో అటారీ యంత్రానికి వచ్చిన కారు పందెం ఆట. మొత్తం ఆరు సెకన్లలోపే అయిపోతుంది. అందులో ఒక అమెరికన్ ఆటగాడు 1982లో సాధించానన్న 5.51 సెకన్ల రికార్డు మూడు దశాబ్దాలకు పైగా చెలామణి అయింది. 2017లో ఒకరు ఆట ప్రోగ్రామును విప్పి పరిశీలించి, ఎంత చక్కగా ఆడినా 5.57 కంటే తగ్గదని చూపారు. 2018 జనవరిలో రికార్డుల సంస్థ ట్విన్ గెలాక్సీస్ దాన్ని తీసివేసింది. ఆరు వందల వంతుల తేడా! మన కంటికి కనపడదు, లెక్కకు కనపడింది.

మొదటి మారియో ఆటలోనూ మనుషులు చాలా ముందుకు వచ్చారు. 2021లో తొలిసారి ఒకరు 4 నిమిషాల 55 సెకన్లలోపు ముగించారు. యంత్రసహాయ పరుగుకూ దానికీ తేడా ఒక్క సెకను కూడా లేదు. ఇందులో ఒక తమాషా ఉంది. చాలా అంకాల్లో ఆట, మనం ముగించామా లేదా అని ప్రతి 21 బొమ్మలకొకసారి మాత్రమే చూస్తుంది. యానాం వారికి చెప్పనక్కరలేదు, వంతెన రాకముందు రేవులో పంటు కోసం నిలబడ్డవారే కదా. పంటు వెళ్లేముందు ఎప్పుడొచ్చినా ఒకటే, వెళ్లాక క్షణం ఆలస్యమైనా మళ్లీ పంటు దాకా ఆగాలి. ఇలాంటి కిటుకులను యంత్రసహాయ పరుగులు కూర్చేవారు తవ్వి తీస్తే, చేతులతో ఆడేవారు ఏళ్ల తరబడి సాధన చేసి అందుకున్నారు.

ఎమ్యులేటరు వేషం కనుక అందులో జరిగేది నిజం కాదనేవారికి జవాబు 2014 జనవరిలో అమెరికాలో దొరికింది. క్యాన్సరు నివారణకు విరాళాలు పోగుచేసే ఆటల కార్యక్రమంలో టాస్‌బాట్ అనే బొమ్మ యంత్రాన్ని అసలు సూపర్ నింటెండోకు రిమోటు తగిలించే చోట తగిలించారు. ముందే కూర్చిన మీటల వరుసను అది అందించింది. సూపర్ మారియో వరల్డ్ ఆట కాస్తా మన కళ్లముందే పాముల ఆటగా, పాంగ్ ఆటగా మారిపోయింది. ఆటలో ఉన్న లొసుగుల ద్వారా మీటలతోనే కొత్త ప్రోగ్రామును లోపలికి పంపారు.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఎమ్యులేటరు తయారుచేయడం తప్పు కాదని అమెరికాలో 2000లో సోనీ, కనెక్టిక్స్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. అనుమతి లేకుండా ఆటల ప్రతులు పంచడం వేరే విషయం, అది తప్పే. మరి దుకాణాల్లో దొరకని ఆటల గతేమిటి? అమెరికాలో వెలువడిన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం చెప్పింది. తాళపత్రాలకు పురుగు పట్టినట్లే వీటికీ పట్టుతోంది.

మా అబ్బాయి బెంగుళూరు తిరుగు ప్రయాణం ముందురోజు రాత్రి పిల్లవాడు తన వీడియోను మళ్లీ పెట్టాడు. ఈసారి ఆట మొదలయ్యే ముందు నల్లని తెర మీద నాలుగు పంక్తులు: ఇది చేతులతో ఆడినది కాదు, ఎమ్యులేటరులో కూర్చినది, 2,316 సార్లు వెనక్కి వెళ్లాను, తప్పులుంటే చెప్పండి. మావాడు మాట్లాడకుండా చివరిదాకా చూశాడు. తర్వాత, "ఆ రెండో గొట్టం దగ్గర ఇంకాస్త ముందు దూకొచ్చేమో చూడరా" అన్నాడు. ఇద్దరూ అర్ధరాత్రి దాకా దాని ముందే కూర్చున్నారు. మా ఆవిడ రెండుసార్లు లేచి లైటార్పమని కేకలేసింది.