తెర దించారు... ఊరు మారారు!

ఫీనిక్స్‌లోని ఆ ఇంట్లో అమ్మానాన్నలకూ ముగ్గురు చెల్లెళ్లకూ ఎప్పుడు ఏ వేషం వేయాల్సి వస్తుందో తెలిసేది కాదు. నాన్న 8 ఎంఎం కెమెరా కాస్తా కొడుకు స్టీవెన్ స్పీల్‌బర్గ్ చేతికి చిక్కింది మరి!

చిన్నప్పుడు 'ద గ్రేటెస్ట్ షో ఆన్ ఎర్త్' (1952)లో చూసిన రైలు ప్రమాదం ఆ పిల్లాడి బుర్రలోంచి పోలేదు. అందుకే బొమ్మ రైళ్లను ఢీకొట్టించి చిత్రీకరించాడు. శనివారం వచ్చిందంటే స్కాట్స్‌డేల్ కీవా థియేటర్‌లో మ్యాట్నీ. చదువు మాత్రం అంతంతమాత్రమే. ఫిల్ము కొనడానికి డబ్బులేవీ? నారింజ, నిమ్మ చెట్ల మొదళ్లకు సున్నం కొట్టేవాడు. యుద్ధం సినిమా తీస్తానంటే అమ్మ లియా హెల్మెట్ పెట్టుకుని జీపు నడిపింది. అలాంటి అమ్మ ఎంతమందికి దొరుకుతుంది!

పదిహేడేళ్లకు ఏకంగా రెండు గంటలకు పైగా నడిచే సైన్స్ ఫిక్షన్ తీశాడు. పేరు 'ఫైర్‌లైట్'. ఖర్చు దాదాపు 500 డాలర్లు. 1964 మార్చి 24న ఫీనిక్స్ లిటిల్ థియేటర్‌లో ఒకే ఒక్క ఆట. లాభం ఒక్క డాలరేనని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

ఆ సంబరం ముగిసీ ముగియకముందే నాన్న ఉద్యోగరీత్యా కుటుంబం కాలిఫోర్నియాకు మకాం మార్చేసింది. కొత్త బడిలో యూదుడంటూ వేధింపులు. కొన్నాళ్లకే అమ్మానాన్నల విడాకులు. ఆ రోజుల్నే 2022లో 'ద ఫేబుల్‌మన్స్'గా తీశాడు. చూడటానికి అమ్మా నాన్నా లేరు.

'ఫైర్‌లైట్' రీళ్లు కొన్నింటిని అవకాశం కోసం ఓ నిర్మాతకిచ్చాడట. మళ్లీ వెళ్లేసరికి ఆ ఆఫీసే ఖాళీ. ఇప్పుడు మిగిలింది కొద్ది నిమిషాల సినిమాయే.